పాలు తాగితే సీసం పోదు

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు. మా ఆయన వశిష్ఠ గోదావరిలో వేటకెళ్తారు. విసురు వలలకు సీసం గుండ్లు ఇంట్లోనే పోస్తారు. ఊళ్లో ఎవరడిగినా పోసిస్తారు. పాత బ్యాటరీలు పగలగొట్టి, అందులో సీసం వసారాలో పొయ్యి మీద మూకుట్లో కరిగిస్తారు. నాలుగు నెలలుగా ఆయనకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మలబద్ధకం, నీరసం. గ్యాస్ మాత్రలు ఎన్ని వాడినా తగ్గట్లేదు. పొగ తగలకుండా ముక్కుకు తువ్వాలు కట్టుకుంటారు, పనయ్యాక బెల్లం తిని పాలు తాగుతారు. అది సరిపోతుందా? మాకు మూడేళ్ల బాబు ఉన్నాడు, నాకిప్పుడు ఐదో నెల. మా మరిదేమో ఫోన్లో వీడియో చూసి, తుపాకీ తూటాల్లో వేసే గుళికల్లాగా సీసాన్ని నీళ్లలో బొట్లు బొట్లుగా వదిలి చిన్న గుండ్లు చేద్దామంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: సరిపోదమ్మా. బెల్లం గొంతుకు హాయిగా ఉంటుందేమో గానీ, ఒంట్లోకి వెళ్లిన సీసాన్ని బయటికి తీసుకురాదు. పాలూ అంతే. తువ్వాలు కూడా సీసం ఆవిరినీ, సన్నటి పొడినీ ఆపలేదు.

మీరు పొగ గురించే అడిగారు. నాకు అంతకంటే ఎక్కువ భయం ఆయన చేతుల గురించి. సీసం 327 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఆ వేడికి లేచే ఆవిరి తక్కువే. మంట పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, కట్టెల పొయ్యి మంట మన అదుపులో ఉండదు కదా. కానీ కరిగిన సీసం మీద బూడిదరంగు తెట్టు కడుతుంది చూడండి, గరిటెతో తీసి పక్కన విదిలిస్తారే, అసలు ప్రమాదం దానితో. ఆరాక అది మెత్తటి పొడి అయిపోయి గోళ్ల సందుల్లోకి, లుంగీ అంచుల్లోకి, వసారా గచ్చు పగుళ్లలోకి చేరుతుంది. బ్యాటరీ పలకల మీద ఉండే పేస్టు కూడా సీసం పొడే. దాన్ని రాలగొట్టి, చేతులు దులుపుకుని, బీడీ వెలిగించి నోట్లో పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది.

ఇంకో మాట ఆయన్నే అడగండి: గుండును వల తాడుకు బిగించేటప్పుడు పళ్లతో నొక్కుతారా? తాడుకు ఎక్కించేదాకా నాలుగైదు గుండ్లు బుగ్గన పెట్టుకుంటారా? చాలామంది చేస్తారు, అడిగితే తప్ప చెప్పరు. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి కడుపునొప్పితో ఒకాయన వచ్చారు. ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి (అపెండిసైటిస్) అని అప్పటికే ఒకచోట ఆపరేషన్ దాకా వెళ్లి, స్కానింగ్‌లో ఏమీ లేదని వెనక్కి పంపారు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ల అంచున సన్నగా నీలం గీత. ఏం పని చేస్తావయ్యా అంటే ‘వలలు అల్లుతానండి’ అన్నారు. ఆ గీత అందరికీ కనిపించదు, అది లేనంతమాత్రాన సీసం లేదనీ అనుకోకూడదు. కానీ మెలిపెట్టే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గి నీరసం, ఈ మూడూ కలిసి సీసం కరిగించే మనిషిలో కనిపిస్తే గ్యాస్ అని వదిలేయకూడదు. కొందరికి కీళ్ల నొప్పులు, చిరాకు, మతిమరుపు వస్తాయి. బాగా ముదిరితే మణికట్టు పట్టు తప్పి చెయ్యి వేలాడిపోతుంది.

ఇప్పుడు బాబు సంగతి. మీ ఉత్తరంలో వాడి గురించి ఒక్క ముక్కే ఉంది. నా లెక్కలో ముందు చూడాల్సింది వాణ్ణే. నోట్లోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది దాదాపు పదో వంతు. చిన్నపిల్లలకు సగం దాకా పట్టేస్తుంది, ఆకలి కడుపున ఉన్నా, ఐరన్ తక్కువగా ఉన్నా ఇంకా ఎక్కువ. మూడేళ్ల వాడు గచ్చు మీద పాకుతూ వేలు నోట్లో పెట్టుకుంటాడు, నాన్న వేటనుంచి రాగానే ఒళ్లోకి ఎక్కేస్తాడు. పైకి హుషారుగానే ఉంటాడు. లోపల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, అలా జరిగిన నష్టం తర్వాత పూర్తిగా పూడదు. వాంతులు ఆగకపోయినా, మగతగా పడుంటున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మీ కడుపులో బిడ్డకు కూడా మాయ ద్వారా సీసం చేరుతుంది. మీరు పొయ్యి దగ్గరికే వెళ్లకపోయినా ఆ వసారా ఊడ్చేదీ, ఆయన బట్టలు ఉతికేదీ మీరే అయ్యుంటారు. ఈ రెండు పనులూ ఇవాళ్టి నుంచి మానెయ్యండి. మీకు చూసే గైనిక్ డాక్టర్‌కు ఈ విషయం దాచకుండా చెప్పండి.

ముగ్గురికీ ‘బ్లడ్ లెడ్ లెవెల్’ పరీక్ష చేయించాలి. మామూలు రక్త పరీక్షల్లో ఇది ఉండదు, విడిగా పేరు చెప్పి అడగాలి. చిన్న ల్యాబుల వాళ్లు రక్తం తీసి పెద్ద ల్యాబుకు పంపుతారు కాబట్టి రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. రక్తం తీసే ముందు చెయ్యి సబ్బుతో కడగాలి, లేకపోతే చర్మం మీది పొడి కలిసి లెక్క తప్పొచ్చు. దాంతోపాటే హిమోగ్లోబిన్, ఐరన్ కూడా చూడమనండి. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే, సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఇంత వరకు ఉన్నా ఫర్వాలేదు అనే అంకె మాత్రం లేదు. పిల్లల్లో 45 దాటితే సీసాన్ని పట్టి మూత్రంలో బయటికి పంపే మందులు వాడతారు. అవి డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. ఇంట్లో సీసం పని సాగుతుండగా ఆ మందులు వాడినా లాభం లేదు, ఒకవైపు తోడుతూ ఇంకోవైపు పోసినట్టే.

సీసం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది. ఎముకల్లో చేరింది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పాలు, తోటకూర, మెత్తళ్లు, జామకాయ, నిమ్మకాయ తినండి, పిల్లాడికీ పెట్టండి. కాల్షియం, ఐరన్ సరిపడా ఉంటే కొత్తగా సీసం పట్టడం తగ్గుతుంది. అందుకు పాలు మంచివే, విరుగుడు కావు.

మీ మరిది చూసిన వీడియో అమెరికా లాంటి చోట్ల తుపాకీ తూటాలు ఇంట్లోనే నింపుకునేవాళ్లది అయ్యుంటుంది. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. మీ మరిది అడిగేది వల గుండ్ల కోసమే కాబట్టి ఆ గొడవ పక్కన పెడదాం. కరిగిన సీసం దగ్గర నీళ్లు ఉండటమే ప్రమాదం. కరిగిన సీసం అడుగున నీటి చుక్క చిక్కుకుంటే అది ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. మన లంకల్లో వర్షాకాలం గచ్చు, అచ్చు, గరిటె ఏదీ పూర్తిగా ఆరదు. ఒక కన్ను పోవడానికి అది చాలు. సీసం పడి కాలితే అంటుకున్న ముక్కను పీకకుండా ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోస్తూ ఆసుపత్రికి వెళ్లాలి.

నా సలహా అయితే, ఇంట్లో పొయ్యడం ఆపేసి ఇనుప గుండ్లకు మారమనండి. వేటే జీవనం కదా, ‘మానెయ్’ అంటే వినరని నాకూ తెలుసు. పరీక్ష రిపోర్టు వచ్చేదాకా అయినా ఆపమనండి, కొడుకు అంకె చూశాక ఆయనే ఆలోచిస్తారు. ఈలోగా వసారాను పొడి చీపురుతో ఊడ్వకుండా ఇంకెవరి చేతనైనా తడిగుడ్డతో తుడిపించండి. ఆయన బట్టలు విడిగా నానబెట్టాలి, అన్నం ముందు చేతులు సబ్బుతో గోళ్ల సందుల దాకా తోముకోవాలి. తెట్టు, బూడిద కొబ్బరి పాదుల్లోనో కాలవలోనో వేయకండి, మిగిలిన బ్యాటరీలు పగలగొట్టకుండా కొత్త బ్యాటరీలు అమ్మే షాపుకే ఇచ్చెయ్యండి.

మూకుడు గురించి మీరు రాయలేదు. సీసం కరిగించిన దాన్ని తోమి మళ్లీ చేపల వేపుడుకు వాడుతుంటే మాత్రం, ఇవాళ రాత్రి వంటకే దాన్ని వంటింట్లోంచి తీసెయ్యండి.