రోవర్ తెరమీద ‘ఐ’ ఎందుకు లేదు?

పత్తికొండ దగ్గరి పల్లెనుంచి ఒక రైతన్న రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించాను.

“మా పాప కర్నూల్లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఈసీఈ. రీసర్వేకు మా చేను కొలిచేటప్పుడు రోవర్, అదే ఉపగ్రహాల సిగ్నల్ పట్టి పొలం కొలిచే మిషన్, పట్టుకున్న సర్వేయర్ వెంటే పొద్దంతా తిరిగింది. ఆ తెరమీద జి, ఆర్, ఇ, సి అని అక్షరాలుంటాయంట, ఒక్కో అక్షరం ఒక్కో దేశం ఉపగ్రహాలంట. ‘మన దేశానిది ఐ కదా, అదెందుకు లేదు?’ అని అడిగితే ‘ఈ మిషన్ మనది పట్టదమ్మా’ అన్నాడాయన. ఆ రోజునుంచి ఇదే పిచ్చి. అన్ని దేశాల ఉపగ్రహాలనూ కలిపి పనిచేయించే పనిలోకి పోతానంటుంది. దానికి ఐక్యరాజ్యసమితిలో కమిటీ కూడా ఉందంట. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కోచింగులకు పోతున్నారు. నేను టమాటా పెట్టి చదివిస్తున్నా, దాని రేటు సంగతి మీకు తెలియంది కాదు. ఈ పనికి జీతమిచ్చేవాళ్లు ఎవరన్నా ఉన్నారా, లేక ఇది దేశాల మధ్య మాటల పంచాయితీనా?”

అన్నా, జీతమిచ్చేవాళ్లున్నారు. కాకపోతే పాప చూస్తున్న దిక్కున కాదు. ఆ సంగతికి వచ్చే ముందు ఆ ‘ఐ’ మాట చెప్పాలి. పాప అడిగింది చిన్న ప్రశ్న కాదు.

ఇవన్నీ మనమెక్కడున్నదీ చెప్పే ఉపగ్రహ వ్యవస్థల గుర్తులు. జి అంటే అమెరికా జీపీఎస్, ఆర్ రష్యా గ్లోనాస్, ఇ ఐరోపావాళ్ల గెలీలియో, సి చైనా బైదూ. ఐ అంటే మన నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న ఎగిరింది, ఏడోది 2016 ఏప్రిల్‌లో. మంచి వ్యవస్థే. కానీ ఆ ఉపగ్రహాలు మాట్లాడింది ఎల్5, ఎస్ అనే రెండు బ్యాండ్లలో, అంటే రేడియో తరంగాల వరసల్లో. ప్రపంచంలో మామూలు రిసీవర్లన్నీ ముందుగా చెవి పెట్టేది ఎల్1లో, అంటే 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర. జీపీఎస్, గెలీలియో, బైదూ కొత్త ఉపగ్రహాలు, జపాన్‌వాళ్లవి అన్నీ అక్కడే కలుస్తాయి. మనం సంతకు సరుకు తీసుకుపోయి, జనం లేని వీధిలో అంగడి పెట్టుకున్నట్టయింది. 2023 మే 29న ఎగిరిన కొత్త నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01తో మనవాళ్లు ఎల్1లోనూ సిగ్నల్ ఇవ్వడం మొదలుపెట్టారు. మీ పాప చేస్తానంటున్న పని సరిగ్గా ఇదే. ఉపగ్రహాన్ని పంపడం ఒక విద్య. పక్కవాడి మిషన్‌కు అది అర్థమయ్యేలా చేయడం ఇంకో విద్య.

కమిటీ మాట నిజం. 1999లో వియన్నాలో జరిగిన ఐక్యరాజ్యసమితి అంతరిక్ష సదస్సులో దానికి బీజం పడింది, 2005లో ఏర్పడింది. ఈ వ్యవస్థల అంతర్జాతీయ కమిటీ, పొట్టిగా ఐసీజీ అంటారు. ఉపగ్రహాలున్న ఆరుగురూ, అంటే అమెరికా, రష్యా, ఐరోపా, చైనా, జపాన్, మనం, ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. బయట ఎన్ని తగాదాలున్నా సరే. 2007లోనూ 2019లోనూ ఆ సమావేశం బెంగళూరులోనే జరిగింది. అక్కడ ఎవరూ ఎవరికీ హుకుం వేయరు. అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం, అదీ సిఫారసు మాత్రమే.

మాట్లాడుకునేది ముఖ్యంగా రెండు సంగతులు. హంద్రీ-నీవా కాలువ కింద పదిమంది మోటార్లు పెట్టారనుకోండి. నా మోటారు వల్ల నీ మోటారుకు నీళ్లు అందకుండా పోకూడదు, ఇది మొదటిది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇందరు మాట్లాడితే ఒకరి సిగ్నల్ ఇంకొకరికి గోల అవుతుంది, అది హద్దులో ఉండాలి. రెండోది, ఇద్దరి నీళ్లూ ఒకే చేనుకు పారితే పంట మెరుగ్గా రావాలి. పాప మనసు పడింది ఈ రెండోదాని మీద. కష్టం కూడా అందులోనే.

ఎందుకంటే ముందు గడియారాలు కలవాలి. జీపీఎస్ గడియారం 1980 జనవరి 6న మొదలైంది, భూమి తిరుగుడుకు సరిపోయేలా ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు కలిపే లీపు సెకన్లను కలుపుకోదు. అందుకే ఇప్పుడు ప్రపంచ సమయం కన్నా 18 సెకన్లు ముందుంది. గ్లోనాస్ కలుపుకుంటుంది. ఇవి పెద్ద తేడాలు కాబట్టి సులువుగా సరిచేయొచ్చు. తలనొప్పంతా నానోసెకన్లతోనే. ఒక నానోసెకనులో వెలుగు 30 సెంటీమీటర్లు పోతుంది, అంటే లెక్కలో గెనిమ అడుగు జరిగినట్టే. రిసీవర్ తానెక్కడున్నదీ తేల్చుకోవాలంటే నాలుగు ఉపగ్రహాలు కావాలి. మూడు స్థానానికి, నాలుగోది తన గడియారం తప్పు దిద్దుకోవడానికి. రెండో దేశం ఉపగ్రహాలు కలిపితే రెండు గడియారాల మధ్య తేడా కూడా తెలియాలి, దానికి ఐదోది కావాలి. ఆ తేడా ఎంతో ముందే ప్రసారం చేస్తే ఆ ఐదోది ఆదా. ఇట్లాంటి చిన్న చిన్న ఒప్పందాలు ఎన్నో కుదిరితేనే మీ చేలో ఆ తెర వెలిగింది. కొలతల గొడవ మన సీమకు కొత్త కాదులెండి. దత్తమండలాల పొలాలన్నీ కొలిపించిన మన్రో దొర 1827లో కలరాతో పోయింది మీ పత్తికొండలోనే కదా.

ఇక బతుకుతెరువు. ఐసీజీలో ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్లను కాలేజీనుంచి నేరుగా ఎవరూ తీసుకోరు. ఇస్రోలోనో, ఇంకో చోటో ఏళ్ల తరబడి సిగ్నళ్లు, గడియారాలు, రిసీవర్లతో కుస్తీ పట్టినవాళ్లే అక్కడికి పోతారు. కాబట్టి పాప ఇప్పుడు కమిటీని మరిచిపోయి రిసీవర్ పట్టుకోవాలి.

ఇస్రో దారి అందరికీ తెలిసిందే. ఈసీఈలో 65 శాతం, లేదా 6.84 సీజీపీఏ ఉంటే సైంటిస్ట్/ఇంజనీర్ పోస్టుకు దరఖాస్తు పెట్టొచ్చు. నావిక్ కేంద్రం బెంగళూరు పక్కన బ్యాలాళులో ఉంది, పేలోడ్, అంటే ఉపగ్రహంలో సిగ్నల్ పంపే పరికరాల పని అహ్మదాబాద్‌లో. పని నిండా ఉంది. మొదటి విడత ఉపగ్రహాల్లో కొన్నింటి విదేశీ రుబీడియం అణు గడియారాలు మొరాయించాయి, అందుకే ఎన్‌వీఎస్-01లో మనం చేసుకున్న గడియారం పెట్టారు. 2025 జనవరిలో ఎన్‌వీఎస్-02ను రాకెట్ సరిగానే వదిలినా, ఒక వాల్వు తెరుచుకోక అది అనుకున్న కక్ష్యకు చేరలేదు. పని నిండా ఉన్నా పోస్టులు తక్కువ. ఒకప్పుడు అనంతపురం అబ్బాయి ఒకడికి నేను ఇస్రో తప్ప ఇంకో పేరు చెప్పలేదు. మూడేళ్లు ఇస్రో పరీక్షకే కూర్చుని విసిగిపోయి, చివరికి బెంగళూరులో కార్లకు రిసీవర్ సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో చేరాడు. “సార్, ఇది కూడా ఇదే పని కదా, ముందే చెప్పుంటే” అన్నాడు. తప్పు నాదే.

అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఫోన్ చిప్‌లు, కార్లు, డ్రోన్లు, సర్వే పరికరాలు, టెలికాం టవర్ల సమయపాలన, ఇన్నింట్లోనూ నాలుగైదు దేశాల సిగ్నళ్లను కలిపే ఇంజనీర్లు కావాలి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఆ పని జరుగుతోంది. విమానాశ్రయాల సంస్థ ఉంది, ఇస్రోతో కలిసి, విమానాలకు జీపీఎస్ లెక్కలో తప్పులు దిద్దిచెప్పే గగన్ అనే వ్యవస్థ నడుపుతోంది. అది అమెరికా, ఐరోపావాళ్ల వ్యవస్థలతో ఒకే ప్రమాణంలో ఉండబట్టే విదేశంలో అమర్చిన రిసీవర్ ఉన్న విమానం కూడా ఇక్కడ దాన్ని వాడుకోగలదు.

ఇందులో మన ప్రాంతపు పిల్లలకు ఒక అదనపు లాభం ఉంది. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర. పొద్దుగూకాక, ముఖ్యంగా మార్చి, సెప్టెంబర్ దరిదాపుల్లో, పైనున్న అయనోస్ఫియర్, అంటే విద్యుదావేశం నిండిన గాలిపొర, కలతపడి సిగ్నళ్లు మినుకుమినుకుమంటాయి. ఐరోపాలో కుదిరిన లెక్క ఇక్కడ కుదరదు. గగన్ కోసం మనవాళ్లు వేరే నమూనా తయారు చేసుకోవాల్సి వచ్చింది. తిరుపతి దగ్గర గాదంకిలో దీనిమీద పరిశోధిస్తారు, ఉస్మానియాలో నెర్టూ అని ఈ విద్యకే ఒక కేంద్రం ఉంది. గేట్ మంచి ర్యాంకుతో కాన్పూర్ ఐఐటీలో జియోఇన్ఫర్మాటిక్స్ ఎంటెక్ కూడా చేయొచ్చు.

సాఫ్ట్‌వేర్ కోచింగ్ మాట. మాన్పించొద్దు. రిసీవర్ లోపల జరిగేది సగం సాఫ్ట్‌వేరే. సీ++, పైతాన్ బాగా రావాలి. దాంతోపాటు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా. పరీక్ష ముందురోజు గైడ్ చదివి గట్టెక్కే సబ్జెక్టులు కావివి. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా ఇస్తుంది, వాటిలో జీఎన్‌ఎస్‌ఎస్ (ఈ ఉపగ్రహ వ్యవస్థలన్నింటికీ కలిపి ఉన్న పేరు) కోర్సు వచ్చినప్పుడు చేరమనండి.

చివరి ఏడాది ప్రాజెక్టు మాత్రం బజారులో కొనకూడదు. కర్నూల్లో ప్రాజెక్టులు అమ్మే అంగళ్లు ఎన్నో నాకూ తెలుసు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ ఇచ్చే జీఎన్‌ఎస్‌ఎస్ లాగర్ అనే ఉచిత యాప్ వేసుకుని, ఫోన్‌ను హాస్టల్ మిద్దెమీద పెట్టి, మధ్యాహ్నం ఒక గంట, పొద్దుగూకాక రెండు గంటలు రికార్డు చేయమనండి. ఆర్‌టీకే లిబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందు జీపీఎస్ ఒక్కదానితో, తర్వాత అన్నింటినీ కలిపి లెక్క కట్టి, లెక్కలో వచ్చిన స్థానాల చుక్కలు ఎంత చెదిరాయో పోల్చాలి. నెల రోజులు ఇట్లా చేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి తనదంటూ ఒకటి ఉంటుంది. ఖర్చేమీ లేదు. అన్ని ఫోన్లూ ముడి కొలతలు ఇవ్వవు కాబట్టి, కొత్త ఫోన్ కొనిస్తానని మాటిచ్చి ఉంటే ఆ మోడల్ ఇస్తుందో లేదో, నావిక్ పడుతుందో లేదో చూసి ఎంచుకునే పని పాపకే వదిలేయండి.