ప్రెస్ తిప్పిన చెయ్యి

అమ్మాయీ,

మీ కాలేజీ స్వర్ణోత్సవాల ప్రింట్ల పోర్ట్‌ఫోలియోకి, అదే రేకుల మీదా చెక్కల మీదా చెక్కి కాగితాల మీదికి దింపిన బొమ్మల పెట్టెకి, నువ్వు రాసిన ముందుమాట అందింది. రెండుసార్లు చదివాను. మొదటి పేజీ అంతా కాలేజీ ఎప్పుడు పెట్టారు, రిబ్బన్ ఎవరు కత్తిరించారు, ఏయే మంత్రులు వచ్చి వెళ్ళారు. రెండో పేజీలో కళామతల్లి ముద్దుబిడ్డలు మూడుసార్లు వచ్చారు. ప్రింట్లు మాత్రం ఎక్కడా కనపడలేదు.

కోప్పడుతున్నాననుకోకు. నీ వయసులో నేను ఇంతకన్నా ఘనకార్యం చేశాను. ఒక కాలేజీ రజతోత్సవాలకి ఇలాంటి పెట్టెకే నాలుగు మాటలు రాయమన్నారు. ప్రతి బొమ్మ కింద ఎడమవైపు పెన్సిల్‌తో 18/25 అని ఉంది. మాస్టారు వేసిన మార్కులనుకున్నాను! పైగా, మార్కులతో సహా భద్రపరిచిన వినయం ముచ్చటగా ఉందని రాశాను. అది 25 ప్రతుల్లో పద్దెనిమిదోదని అర్థమట. అదీ చాలక వాటిని 'నకళ్ళు' అన్నాను. అచ్చయ్యాక ఒక చిత్రకారుడు ఫోన్ చేసి, "వీటికి అసలు ఎక్కడుందో కాస్త చెప్తారా సార్?" అని అడిగాడు. బొమ్మ చెక్కిన రేకు అసలు కాదు, అది పనిముట్టు. రేకు మీంచి దిగిన ప్రతి కాగితమూ అసలే. ఆ సంగతి తెలుసుకోవడానికి ప్రెస్ గదిలోకి ఒక్కసారి వెళ్తే సరిపోయేది. నేను వెళ్ళలేదు, నువ్వూ వెళ్ళినట్టు లేదు.

వెళ్ళు. ముందు రోజు రాత్రే కాగితాలు తడిపి ప్లాస్టిక్ షీటులో చుట్టిపెడతారు, అది చూడు. జింక్ రేకు మీద ఇంకు గీతల్లోకి దిగేదాకా పాముతారు. తర్వాత పైపైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేస్తారు, చివర్న అరచేత్తో. ఎంత తుడవాలో చేతికే తెలుస్తుంది. ఎక్కువైతే బొమ్మ పాలిపోతుంది, తక్కువైతే మసకేస్తుంది. శుభ్రమైన కాగితాన్ని పట్టుకునేటప్పుడు ఇంకు వేళ్ళు అంటకుండా చిన్న కాగితం ముక్క మడిచి దాంతో పట్టుకుంటారు, పొయ్యి మీది గిన్నెని మసిగుడ్డతో పట్టుకున్నట్టు. రేకు మీద ఆ కాగితం పరిచి, పైన కంబళ్ళు కప్పి ప్రెస్ చక్రం తిప్పుతారు. కాగితం ఎత్తేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడరు. నువ్వూ మాట్లాడకు.

ఇప్పుడు అసలు మాట. 20 మంది, తలా 25 ప్రతులు, ఒకరివి ఒకరికి ఒక్కోటి, మిగిలిన ఐదు సెట్లు కాలేజీకి అని రాశావు. అంటే 500 కాగితాలు. చెక్క మీద చెక్కినవాళ్ళు కొందరు ఇంట్లో గరిటె వెనకతో రుద్ది దింపుకుని ఉండొచ్చు. మిగతావి ఆ ఒక్క ప్రెస్ మీదే దిగాయి కదా. ఎవరు తిప్పారు? నీ ముందుమాటలో ఆ మనిషి లేడు.

జర్మనీలోని వైమార్‌లో 1919లో మొదలైన బౌహౌస్ అనే కళల బడి పేరు వినే ఉంటావు. ఆ బడివాళ్ళు 1921లో ఇలాంటి పెట్టెల వరసే తలపెట్టారు, యూరప్ చిత్రకారుల ప్రింట్లతో ఐదు. బడికి పేరూ రావాలి, నాలుగు డబ్బులూ రావాలి అని. వాటిలో క్లే ఉన్నాడు, కాండిన్‌స్కీ ఉన్నాడు. వాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. ఆ బడి ప్రింట్ల వర్క్‌షాపుకి పెద్ద ఫైనింగర్ అనే చిత్రకారుడు. అక్కడ బొమ్మలు దింపే రాళ్ళూ రేకులూ ప్రెస్సూ సంగతి చూసుకున్న పనివాడు కార్ల్ జౌబిట్జర్. ఆయన పేరు ఎంతమంది తలుస్తారు? నాకైతే ఆ పెట్టెల కథలో ఆయనే ముఖ్యుడనిపిస్తాడు. ఒక్కో చిత్రకారుడిది ఒక్కో పిచ్చి, వాళ్ళందరినీ ఆ ఒక్క వర్క్‌షాపు భరించాలి.

ఆ ఐదింటిలో ఫ్రెంచి చిత్రకారుల పెట్టె పూర్తికానే లేదు. నాలుగే బయటికొచ్చాయి. 1923 నాటికి జర్మనీలో పొద్దున డబ్బుకి సాయంత్రం విలువ లేదు, డబ్బుల కోసం మొదలెట్టిన పని అలాంటి రోజుల్లో సాగింది. మీ 20 మందిలో ఎవరి ప్రింట్లు ఇంకా రాలేదో అడిగావా? రాకపోతే ఎందుకు రాలేదు? కారణం బాధాకరమైనదైతే వాళ్ళనడిగే రాయి, కానీ ఖాళీని కప్పేయకు.

ఇంకొక్కటి. ఒక ప్రింటు గురించి 'అద్భుతమైన విస్కాసిటీ టెక్నిక్' అని రాసి వదిలేశావు. చదివేవాడికి ఏం అర్థమవుతుంది? మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదువుకుని పారిస్ చేరిన కృష్ణారెడ్డి గారు అక్కడ హేటర్ అనే చిత్రకారుడి ప్రింట్ల వర్క్‌షాపులో ఈ పద్ధతికి ప్రాణం పోసినవాళ్ళలో ఒకరు. విస్కాసిటీ అంటే చిక్కదనం, సంగతి వంటింటిదే. ఒక ఇంకులో నూనె ఎక్కువ, అది పల్చన; ఇంకోదానిలో తక్కువ, అది చిక్కన. పల్చటిది ముందు పూస్తే చిక్కటిది దాని మీద అంటుకోదు. రేకుని ఎత్తుపల్లాలుగా చెక్కి, గట్టి రోలర్ పైతట్టుకి, మెత్తటి రోలర్ లోతుల్లోకి నడిపిస్తే ఒకే రేకు మీంచి ఒకే తిప్పుకి నాలుగు రంగులు దిగుతాయి. ఇది చెప్పడానికి నాలుగు వాక్యాలు పట్టింది. 'అద్భుతం' ఒక్క మాటే, కానీ దాంతో ఏమీ కనపడదు.

రిబ్బన్ సంగతి ఒక్క వాక్యంలో తేల్చెయ్యి. ప్రిన్సిపాల్ గారికి కోపమొస్తుందని టెన్షన్ పడకు, మంత్రుల పేర్లు ఆహ్వానపత్రికలో ఎలాగూ ఉంటాయి.

శనివారం పెట్టెలు సర్దుతున్నారన్నావు. పొద్దున్నే వెళ్ళి ప్రింట్ల మధ్య పల్చటి కాగితాలు పెట్టే పనికి నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. ప్రెస్ తిప్పినాయన పక్కన కూచుని టీ తాగు, పేరడుగు, ఏ రేకు ఎక్కువ ఏడిపించిందో అడుగు. పాత బట్టలు వేసుకెళ్ళు. ఆ ఇంకు మరక కిరోసిన్‌కి కూడా ఓ పట్టాన వదలదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు