అమ్మలుకి, ఆకలి గురించి

అమ్మలూ,

ఆదివారం రాత్రి ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "ఎప్పుడు ఆకలేస్తోందో, ఎప్పుడు కడుపు నిండిందో నాకు తెలియడం లేదు పెద్దమ్మా. పగలంతా కొలిచి పెట్టుకున్నదే తింటాను, అర్ధరాత్రి లేచి ఫ్రిజ్ ముందు నిలబడి చేతికందింది తింటాను" అన్నావు. ఆ పని నేనూ చేశాను తల్లీ. ముప్పై నాలుగో ఏట మొదలుపెట్టి యాభై రెండు వచ్చేదాకా ఏదో ఒక డైట్‌లోనే ఉన్నాను. వారమంతా క్యాబేజీ సూప్, పరగడుపున నిమ్మరసం తేనె, రాత్రికి రెండు పుల్కాలు, అన్నం ముట్టని పదకొండు నెలలు. నీ బారసాల రోజు అందరికీ బొబ్బట్లు వడ్డించి, నేను కీరదోసకాయ ముక్కలు తిన్నాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక మిగిలిన బొబ్బట్లు ఎన్ని తిన్నానో నాకే తెలియదు. తర్వాత స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం నమ్ము. అర్ధరాత్రి తినడం నీ బలహీనత కాదు, పగలు పెట్టిన పస్తుకి ఒళ్లు ఇచ్చుకుంటున్న జవాబు. 1944లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం చేయబోమన్న 36 మంది యువకులు దానికి ఒప్పుకున్నారు. అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. వాళ్లకి ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1,570 క్యాలరీల తిండి పెట్టారు. కొన్ని వారాలకే వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, కంచాలు నాకారు, చలికి వణికారు, చిన్న మాటకే విసుక్కున్నారు. తిండి మళ్లీ మామూలుగా దొరికాక కొందరు పొట్ట పగిలేలా తిన్నా ఆకలి తీరలేదన్నారు. నీ ఫోన్లోని యాప్ నీకు రాసిచ్చింది 1,200. ఆ మగపిల్లలకి ఆకలి ప్రయోగమని పెట్టిన తిండికన్నా తక్కువ! నాలుగేళ్లు దాని మీద బతికి, అర్ధరాత్రి తిన్నందుకు నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు.

ఇప్పుడు ఏం చేయాలంటే, "ఆకలేసినప్పుడే తింటాను" అని మాత్రం మొదలుపెట్టకు. నేను ఆ పొరపాటు చేశాను. ఏళ్ల తరబడి నోరు నొక్కిన ఆకలి పిలవగానే పలకదు. మధ్యాహ్నం మూడు దాకా ఎదురుచూస్తే ఒక్కసారిగా మీద పడుతుంది. ఆకలి రుచెరుగదు అని ఊరికే అనలేదు పెద్దలు. అంత ఆకలి మీద కూర్చున్నవాళ్లకి ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో తెలియదు. కాబట్టి మొదటి రెండు మూడు నెలలు గడియారం చూసి తిను. లేచిన గంటన్నరలోపు టిఫిన్, ఒంటిగంటకి భోజనం, సాయంత్రం ఏదో ఒకటి, రాత్రి ఎనిమిదికి మళ్లీ భోజనం. రాత్రి ఎక్కువ తిన్నా సరే, మర్నాడు పొద్దున టిఫిన్ మానకు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒక పూట మానడంతోనే ఆ చక్రం మళ్లీ తిరుగుతుంది.

నాకు అలా తింటుండగా రెండో నెలలో ఒకరోజు పన్నెండు దాటాక పొట్టలో సన్నగా కదిలింది. పక్కింట్లో పోపు వాసనకి నోట్లో నీళ్లూరాయి. అంతే, అదే ఆకలి. దాన్ని చూసి భయపడకుండా లేచి అన్నం వడ్డించుకున్నాను.

ఇక అన్నం సంగతి. నువ్వు దానిమీద పెట్టుకున్న నిషేధం తీసేయాలి. ఆవకాయ, ముద్దపప్పు, నెయ్యి, బిర్యానీ, మైసూర్‌పాక్... వద్దనుకున్నవన్నీ ఒకేసారి తెచ్చిపెట్టుకోకు, కంగారు పడతావు. ఒక్కొక్కటీ తెచ్చుకో. పట్టపగలు, కంచంలో పెట్టుకుని, కూర్చుని తిను. నేను ముద్దపప్పు ఆవకాయన్నంతో మొదలుపెట్టాను. మొదటి వారం రోజూ అదే కావాలనిపించింది, ఎక్కువే తిన్నాను. పదో రోజో పదకొండో రోజో కంచంలో రెండు ముద్దలు మిగిలాయి. రేపు కూడా దొరుకుతుందన్న ధైర్యం వచ్చాక ఆత్రం తగ్గుతుంది. ఆ ధైర్యం చెబితే వచ్చేది కాదు, పది రోజులు తింటేనే వస్తుంది.

"చాలు" అనేది తెలియడానికి ఇంకా సమయం పడుతుంది. మన భోజనంలో దానికొక వీలుంది. పప్పు, కూర, చారు, పెరుగు అని వరుసగా తింటాం కదా, ఒకటి అయి రెండోది కలుపుకునే ముందు ఒక్క నిమిషం ఆగు. ఇంకా ఖాళీ ఉందా అని పొట్టని అడుగు. ఉంటే మారు వడ్డించుకో, మొహమాటపడకు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో పొట్టని నాలుగు భాగాలనుకుని రెండు భాగాలు అన్నానికి, ఒకటి నీళ్లకి, ఒకటి గాలికి వదలమన్నాడు. దాన్ని కొలతగా పట్టుకోకు, కొలతలతో ఇప్పటికే అలసిపోయావు. లోపల కాస్త చోటు మిగిలితే ఎంత హాయిగా ఉంటుందో గమనించు, చాలు. ఫోన్ చూస్తూ తింటే మాత్రం ఇదేదీ తెలియదు.

బరువు గురించి నీకు అబద్ధం చెప్పను. మొదట్లో పెరగొచ్చు. నేను కొంత పెరిగాను, తర్వాత అక్కడే నిలిచింది. తగ్గుతావని మాటివ్వలేను, తగ్గడం కోసమే అయితే ఇదీ ఇంకో డైట్ అవుతుంది. బరువు చూసే మిషన్ ఎవరికైనా ఇచ్చేయి. బిగుతైన చుడీదార్లు కూడా. ఒంటికి సరిపోయేవి నాలుగు కొనుక్కో.

ఉపవాసాల గురించి కూడా ఒక మాట. నీ భక్తిని నేను కాదనను. కానీ కార్తీక సోమవారం చుక్కని చూసేదాకా ఉండటంలో ఒక కిలో తగ్గుతుందన్న ఆశ ఉందా లేదా అని నిన్ను నువ్వు అడుగు. నాకు ఉండేది. అందుకని రెండేళ్లు ఉపవాసం మాని దీపం మాత్రం పెట్టాను. లంఖణం పరమౌషధం అన్నది జ్వరం పడ్డ ఒంటికి, నాలుగేళ్లుగా పస్తున్న ఒంటికి కాదు.

నెలసరి మూడు నెలలుగా రాలేదన్నావు. దానికి ఆగకుండా ఈ వారమే గైనకాలజిస్టుకి చూపించుకో. తిండి బాగా తగ్గినా అది ఆగుతుందట, వేరే కారణాలూ ఉంటాయి, పరీక్ష చేస్తేనే తేలుతుంది. తిన్నది కక్కేయాలనిపించినా, కక్కినా, దాచకుండా మానసిక వైద్యుల దగ్గరకి వెళ్లు, నేను తోడొస్తాను. అది జబ్బు, సిగ్గుపడాల్సింది కాదు. నాకు షుగర్ వచ్చాక ఈ పద్ధతి ఇక కుదరదేమో అనుకున్నాను. కుదిరింది. డాక్టరు చెప్పిన మందు వేళకి వేసుకుంటాను, భోజనం మానను, అన్నంతో పాటు పప్పూ కూరా ఎక్కువ పెట్టుకుంటే రెండు గంటల తర్వాత ఒంట్లో తేలిగ్గా ఉంటోందని నేనే గమనించుకున్నాను. ఒకరు నిషేధిస్తే మానడం వేరు, మన ఒంటికి ఏది పడుతుందో చూసి పెట్టుకోవడం వేరు.

పెళ్లిళ్లలో "ఏంటే ఇలా అయిపోయావ్" అనేవాళ్లు ఉంటారు. "బాగానే ఉన్నాను అత్తయ్యా, పిల్లలెలా ఉన్నారు?" అని మాట మార్చేయి. మీ అమ్మతో నేను మాట్లాడాను. నీ కంచంలోకి చూడనని మాటిచ్చింది. చిన్నప్పుడు మమ్మల్నీ అలాగే చూసేవాళ్లు, దానికి అదే అలవాటైంది, దాన్ని తప్పుపట్టకు.

రేపు పొద్దున ఇడ్లీతోనో ఉప్మాతోనో మొదలుపెట్టు, ఏదైనా సరే. శనివారం ఫోన్ చేస్తాను. బరువు అడగను. ఏం తిన్నావనీ అడగను, నీకు చెప్పాలనిపిస్తే వింటాను.

నీ పెద్దమ్మ