టైప్‌రైటర్ మీద రాస్తే రాత బాగుపడుతుందా?

పాత టైప్‌రైటర్ మీద రాస్తే నిజంగా రాత బాగుపడుతుందా, లేక అదంతా పాత వస్తువుల మీద మోజేనా అని అడిగారు. బాగుపడుతుంది. అది బాగుపడుతుండగా పక్కన కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇందులో అనుమానం లేదు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాన్న దగ్గర ఇనుప దిమ్మలాంటి ఇంగ్లిష్ టైపు మిషన్ ఉండేది. ఒక రాత్రి ఆయన ఏదో ఆఫీసుకి ఫిర్యాదు ఉత్తరం కొడుతున్నారు. నేను చిత్తుప్రతి చదివి చెబుతున్నాను. మూడు కాగితాలు, వాటి మధ్య కాపీలు పడటానికి ఒకవైపు రంగు పూసిన రెండు కార్బన్ కాగితాలు. అడుగు కాగితం దాకా అక్షరం దిగాలంటే ప్రతి కీనీ గట్టిగా కొట్టాలి. ఆయనకి అసలే కోపం, ఇక దెబ్బలకు లోటేముంది! ఫుల్‌స్టాప్ పడిన చోటల్లా కాగితానికి చిల్లు. లైను చివరికి రాగానే టింగుమని గంట, లీవర్ తోయగానే గరగరమంటూ కాగితాన్ని పట్టుకున్న క్యారేజ్ పరుగు. ఆ గంట కోసం చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి.

పేజీ పూర్తయ్యింది. కాగితాలు బయటికి లాగితే పైది బాగానే ఉంది, రెండోది తెల్లగా ఉంది, మూడోదీ తెల్లగానే ఉంది. పై కాగితం వెనక్కి తిప్పితే అక్షరాలన్నీ తిరగబడి కనిపించాయి! హడావిడిలో కార్బన్లు తిరగేసి పెట్టారు. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా గోడకున్న అద్దం తీసుకొచ్చి ఎదురుగా పెట్టింది. ముగ్గురం అద్దంలో ఆ ఫిర్యాదు చదువుకుని కడుపుబ్బ నవ్వాం. నాన్న కోపం సగం అక్కడే దిగిపోయింది.

మళ్లీ మొదటి నుంచి కొట్టాలి కదా. ఈసారి ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "ఇది ఉండాలంటావా?" అని నన్ను అడిగారు. "మీ నిర్లక్ష్యానికి హద్దే లేదు" అన్న లైను పోయింది. చెప్పిందే చెప్పినవి పోయాయి. పేజీ ఉత్తరం సగం పేజీ అయ్యింది, మొదటిదానికంటే ఎంతో గట్టిగా ఉంది. కంప్యూటర్‌లో అయితే తప్పు ఉన్నచోట దిద్దేసి పంపించేవాళ్లం. మిగతా వాక్యాలు మళ్లీ వేళ్ల కిందికి రావు, వాటిలో పనికిరానిది ఏదో ఎవరికీ తెలియదు.

ఇంకోటి, చాలా పాత మిషన్లలో 1 అంకెకి కీ ఉండదు, చిన్న 'ఎల్' కొట్టాలి. ఆశ్చర్యార్థకానికీ కీ ఉండదు. పైన కామా కొట్టి, ఒక అడుగు వెనక్కి వచ్చి, కింద చుక్క పెట్టాలి. అంత కష్టపడి ఎవరూ ఊరికే ఆశ్చర్యపోరు. ఇప్పుడు ఫోన్లో "సరే" అనడానికి కూడా ఐదు ఆశ్చర్యార్థకాలు పెడుతున్నారు, నాకు చూస్తేనే టెన్షన్. కీ నొక్కితే టకటకమనే యాప్‌లూ వచ్చాయి. శబ్దం ఒక్కటే తెచ్చుకుంటే ఏం లాభం? తప్పు కొడితే పేజీ మళ్లీ కొట్టాలన్న భయం కూడా తెచ్చుకోవాలి.

మీ కీబోర్డు మీద షిఫ్ట్ అని ఉంది చూడండి, ఆ పేరు టైప్‌రైటర్ నుంచి వచ్చిందే. 1878లో వచ్చిన రెమింగ్టన్ నంబర్ 2 అనే టైప్‌రైటర్‌లో అది నొక్కితే క్యారేజ్ నిజంగానే కదిలి పెద్దక్షరం పడేది. అంతకుముందు మోడల్‌లో ఉన్నవి పెద్దక్షరాలే. మెయిల్‌లో కనిపించే 'సీసీ' కూడా కార్బన్ కాపీయే.

ఆ రాత్రి తిరగబడిన కాపీల్లో పల్చటి రెండో కాగితం నా దగ్గర ఇంకా ఉంది. చూడ్డానికి తెల్ల కాగితమే. దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెనకవైపు అక్షరాలు ఇటు సరిగ్గా కనిపిస్తాయి. నాన్న తీసేసిన ఆ లైను, చివర ఫుల్‌స్టాప్ చిల్లుతో సహా.