బుల్లెట్‌కి పల్సర్ ఫోర్క్ వేశాక హ్యాండిల్ ఊగుతోందా?

తమ్ముడూ, పాత బుల్లెట్‌కి పల్సర్ ఫోర్కూ 17 అంగుళాల వీలూ వేయించాక అరవై దాటితే హ్యాండిల్ ఊగుతోందన్నావు. అది సరయ్యే వరకు రాయగడ-కొరాపుట్ ఘాట్ ఎక్కకు, ప్రాణం మీదికొస్తుంది.

ముందు కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే స్టీరింగ్ పైపులోని బేరింగులు) చూడు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం లేపి, ఫోర్క్ కింది కొసలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగు. టక్కుమంటే లూజు. హ్యాండిల్ తిప్పితే మధ్యలో పట్టేస్తే బేరింగ్ పోయినట్టే.

అయితే అసలు కారణం ముందు భాగం ఎత్తు తగ్గడమే అనిపిస్తోంది. బుల్లెట్‌కి ఉండేది 19 అంగుళాల వీల్. చక్రం చిన్నదై, ఫోర్కూ పొట్టిదైతే బండి ముందుకు వాలుతుంది. ముందు భాగం ఒక్క అంగుళం దిగితే చాలు, రేక్, అంటే స్టీరింగ్ పైపు వెనక్కి వాలిన కోణం, దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. దాంతో ట్రెయిల్ (ఆ పైపు వాలు గీత నేలను తాకే చోటికీ, ముందు యాక్సిల్‌కి సరిగ్గా కింద నేలకీ మధ్య దూరం) కూడా తగ్గి, హ్యాండిల్ తనంతట తాను నిటారుకి రాదు. ట్రెయిల్ కొలవడం తేలికే: ముందు చక్రం యాక్సిల్ నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టు. స్టీరింగ్ పైపు వాలులోనే పొడవాటి కర్ర ఆనించి, అది నేలను తాకే చోట ఇంకో గుర్తు. రెండింటి మధ్య 80 మిల్లీమీటర్లు కూడా లేకపోతే అక్కడే తేడా.

ఫోర్క్ పైపులు వాటిని పైన పట్టి ఉంచే ప్లేటు మీదికి పొడుచుకొచ్చి ఉంటే, సమంగా దించి బిగించు, ముందు భాగం లేస్తుంది. బుల్లెట్ బరువుకి స్ప్రింగ్ కూరుకుపోతుంటే పైన స్పేసర్ (స్ప్రింగ్‌ని నొక్కి ఉంచే చిన్న పైపు ముక్క) వేయించు. అప్పటికీ చాలకపోతే పెద్ద రిమ్మే గతి. పైపులకి ముక్క వెల్డింగ్ చేసి పొడిగిస్తామని ఎవరన్నా ఒప్పుకోకు, గుంతలో పడితే విరుగుతాయి.