వేడినీళ్ళు దగ్గర పెట్టుకోకు

బుజ్జమ్మా,

విశాఖలో అద్దింట్లో కవ్వంతో వెన్న తీస్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మిక్సీ ఉండగా ఇదేం పట్టుదలని అది గొణుగుతోంది. నాకైతే రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, బెంగ సగం.

పాలు కాచడం, గోరువెచ్చగా ఉండగా తోడెయ్యడం నీకు తెలిసినవే. పెరుగు మరీ పులవనివ్వకు.

కుండ కింద కుదురు మాత్రం తప్పకుండా పెట్టు, టైల్స్ మీద జారుతుంది. మా అత్తగారు చల్ల చిలికే ముందు శ్రీకూర్మం వైపు తిరిగి దణ్ణం పెట్టేవారు. మందరగిరి పాలసముద్రంలో కుంగిపోతుంటే వీపున మోసింది ఆ స్వామే కదా, అడుగు నిలిస్తేనే కవ్వం ఆడుతుందనేవారు.

నా బెంగంతా నీళ్ళ దగ్గరే. ఎండాకాలం చన్నీళ్ళు, చలికాలం గోరువెచ్చనివి. మోచేతి మీద పోసుకుంటే వేడి తెలిసీ తెలియనట్టుండాలి.

నేను కాపరానికొచ్చిన ఏడాది, పుష్యమాసం. తెల్లారకుండా మొదలెట్టాను. రెక్కలు పీకుతున్నా నురగే తప్ప వెన్న లేదు. పక్కింటావిడ చల్లకని ముంత పట్టుకొచ్చి, కుండలోకి తొంగిచూసి, "ఇంకా పడలేదా అమ్మా?" అంది. ఆవిడ అటు వెళ్ళగానే పొయ్యిమీద మరుగుతున్న నీళ్ళు చెంబుడు గుమ్మరించాను. పలుకు కట్టాల్సిన వెన్న కరిగి చల్లలో కలిసిపోయింది. నేను పోసిన నీళ్ళ మాటే మరిచి, ఆవిడ దిష్టే తగిలిందని వీధిలోకి వినబడేలా అరిచాను. ఆవిడ వింది. అత్తగారు కుండలో వేలు పెట్టి, "దిష్టి కాదే, ఉడుకు" అన్నారు.

ఉగాది దాకా ఆవిడ మా గడప తొక్కలేదు. చివరికి నేనే ముంతనిండా చల్ల పట్టుకెళ్ళాను, తలెత్తలేక. ముంత కడిగి, రెండు వంకాయలు వేసి తిరిగిచ్చింది. ఆ వంకాయలు కోస్తూ ఏడ్చాను తల్లీ.

అందుకే తొందరపడకు. చప్పుడు విను. నురగ లేచాక మెత్తబడుతుంది, చేతికి బరువెక్కుతుంది, ఉన్నట్టుండి నీళ్ళలో కొట్టినట్టవుతుంది. కవ్వానికి బొంబాయి రవ్వలాంటి పలుకులు అంటుకుంటాయి. అక్కడితో ఆపి, చన్నీళ్ళు చిలకరించి, తడిచేత్తో వెన్న పోగుచెయ్యి. పొడిచెయ్యి పెడితే వేళ్ళకే అంటుకుపోతుంది.

దీపాలు పెట్టాక ఎవరికీ తోడు ఇవ్వకూడదంటారు. అది నువ్వు పాటించినా సరే, మానినా సరే. పొద్దున్న పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకొస్తే మాత్రం కాదనకు.

సంక్రాంతికొస్తే మన పాత కవ్వం తీసుకెళ్ళు. తాడు కొత్తది పేనించి ఉంచాను.

మీ మామ్మ