ఆ రేడియో గరగర మిక్సర్‌ది కాదు

ప్రశ్న: హన్మకొండలో బీటెక్ చదువుతున్నాను. ఎస్ఏ612 అనే మిక్సర్ చిప్‌తో (సిగ్నల్‌ను వేరే ఫ్రీక్వెన్సీకి మార్చేది) 7 మెగాహెర్ట్జ్ హామ్ రేడియో రిసీవర్ కట్టాను. మాటల కన్నా గరగరే ఎక్కువ. నాయిస్ తక్కువుండే మిక్సర్ డిజైన్ చెప్పండి. దాని కోసం యాంటీవైరస్ ఆపి, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ క్రాక్ ఎక్కించాను. పర్వాలేదు కదా?

జవాబు: అస్సలు పర్వాలేదనడానికి లేదు. మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పెట్టింది ఆ చివరి మాటే. యాంటీవైరస్ ఆపమనే ఫైలును నడిపితే ఇంటి తాళాలు చేతికిచ్చినట్టే. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులే కాదు, లాగిన్‌లో ఉన్న మెయిల్ సెషన్ కూడా ఎత్తుకుపోవచ్చు. సెషన్ పోతే దొంగకు ఓటీపీతో పనిలేదు. ఇంట్లోవాళ్లు బ్యాంకు పనులూ అదే లాప్‌టాప్‌లో చేస్తుంటే వాళ్లనూ ఇరికించినట్టే. వెంటనే నెట్ తీసేయండి. వేరే ఫోన్‌లోంచి పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి, విండోస్ కొత్తగా వేసుకోండి. ఎన్‌జీస్పైస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పనికి అది చాలు.

ఇక గరగర. మిక్సర్ మార్చాలంటూ ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. యాంటెన్నా పీకి, ఆ చోట 51 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి వినండి. శబ్దం బాగా పడిపోతే రొద యాంటెన్నాలోంచి వస్తున్నట్టే, చిప్ తప్పేం లేదు. దాని నాయిస్ ఫిగర్, అంటే చిప్ సొంతంగా కలిపే రొద కొలత, 5 డీబీ (డెసిబెల్స్) దగ్గర ఉంటుంది. ఇళ్ల మధ్య 7 మెగాహెర్ట్జ్ దగ్గర బయటి రొద అదే కొలతలో 40 డీబీ దాటుతుంది. ఎంత మంచి మిక్సర్ తెచ్చినా చెవికి తేడా తెలియదు.

ఆ రొద ఎక్కడిదో పట్టుకోవడానికి యాంటెన్నా మళ్లీ తగిలించి, రిసీవర్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపండి. తర్వాత ఒక్కో స్విచ్ వేస్తూ వినండి. మా ఇంట్లో దొరికింది వరండా ఎల్ఈడీ బల్బు. నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి లోపలి ఫిల్టర్ ఎగ్గొట్టే బల్బులు, చార్జర్ల మీద నాకు చాలా కోపం. కొన్నవాడికి వెలుగు, వాడకట్టు మొత్తానికి రొద. యాంటెన్నాను గోడలకు దూరంగా జరపండి.

రాత్రి 7200 కిలోహెర్ట్జ్ పైన ఉండే ప్రసార స్టేషన్లు మీ హామ్ మాటల మీద పడుతుంటే మాత్రం మిక్సర్ సంగతి చూడాల్సిందే. అది నాయిస్ కాదు, ఓవర్‌లోడ్, అంటే బలమైన సిగ్నళ్లను మిక్సర్ తట్టుకోలేకపోవడం. ముందు బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (మీకు కావలసిన ఫ్రీక్వెన్సీలనే లోపలికి వదిలేది) పెట్టండి. చాలకపోతే నాలుగు డయోడ్ల రింగ్ మిక్సర్. అందులో 6 డీబీ దాకా సిగ్నల్ పోతుంది, ఆసిలేటర్ (మిక్సర్‌ను నడిపే సిగ్నల్ పుట్టించే సర్క్యూట్) 7 డీబీఎం, అంటే 5 మిల్లీవాట్లు ఇవ్వాలి. అయినా బలమైన సిగ్నల్‌కు తొణకదు. దాని అవుట్‌పుట్‌కు అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ 50 ఓమ్‌లు కనపడేలా డైప్లెక్సర్ (కావలసిన, అక్కర్లేని ఫ్రీక్వెన్సీలను వేరు చేసే ఫిల్టర్) పెట్టడం మరవకండి. చాలామంది అది వదిలేసి డయోడ్లను తిడుతుంటారు.